పండు ఈగకు పగతుడు మన తోటలోనే

జగిత్యాల ప్రాంతమున మామిడితోటలు గలవారికి పండు ఈగను గూర్చి వేఱుగ చెప్పబనిలేదు. పైకి నిగనిగలాడు పండును కోసినంతనే లోపల పురుగులు కదలుట వారు కన్నులార చూచినదే. 2014 మే నెలలో ఐరోపా సమాఖ్యవారు మన దేశపు మామిడిని నిషేధించుటకును ఈ ఈగలే కారణము. 2015లో గాని ఆ నిషేధము తొలగలేదు.

ఇందులకు మన రైతు చేయుచున్న దేమి? మందు చల్లుట. ఈగ తొక్క క్రింద గ్రుడ్లు పెట్టును; పురుగు గుజ్జులో దాగియుండును; దానికి మందు సోకదు. సోకునది దాని పగతుడగు కందిరీగకు!

ఇది మనుష్యులను కుట్టు కందిరీగ కాదు, చీమంతటి ప్రాణి. శాస్త్రజ్ఞులు దీనిని ఫోపియస్ అరిసానస్ అందురు. ఇది ఈగ గ్రుడ్డులోనే తన గ్రుడ్డు నుంచును. ఈగపురుగు పెరిగి మట్టిలో గూడు కట్టువఱకు ఊరకుండి, పిమ్మట దానిని లోపలినుండి తినివేసి, ఈగకు మాఱుగ తానే వెలికి వచ్చును. 1940వ దశకమున ఈ ఈగ హవాయి దీవులలో ప్రవేశించి తోటలను పాడుచేయగా, ఆసియానుండి తెప్పించిన ఈ కందిరీగయే దాని యుద్ధతిని తగ్గించెను. 2002లో తాహితిలోను, తరువాత ఆఫ్రికాలోను దీనినే వదలిరి. ఈగయు మన ఖండముదే, కందిరీగయు మన ఖండముదే. పరులు కొనిపోయి లాభపడుచుండ, మనము మందుతో చంపుకొనుచున్నాము.

ఇది వట్టి పుస్తకవిద్య యనువారు 2010 నాటి సంగతి తలచుకొందురుగాక. బొప్పాయి పిండినల్లిపై ప్యూర్టోరికోనుండి వచ్చిన కందిరీగలను మన శాస్త్రజ్ఞులే పెంచి పంచి జయించిరి.

కందిరీగ యొక్కటియే చాలదనుట నిజము. మిథైల్ యూజినాల్ ఎరబుట్టలు కట్టవలెను. రాలిన కాయలను ఏరవలెను. వానిని గుంటలో పూడ్చుట మేలే కాని, అందు కందిరీగయు చచ్చును. హవాయివారు రాలిన పండ్లను సన్నని వలగుడారములో వేయు పద్ధతి కనిపెట్టిరి. ఈగ లోపలనే చిక్కి చచ్చును, కందిరీగ వలకన్నులగుండ తోటలోనికి మరలును. అట్టి వల నేయుట సిరిసిల్ల మరమగ్గములకు అసాధ్యమా? తంగళ్ళపల్లి మండలము జిల్లెళ్ళలో వ్యవసాయ కళాశాల యున్నది, పొలాసలో పరిశోధనస్థానమున్నది. అచ్చటివారు ఇట్టి గుడారము నొక్కటి తోటలో నిలిపి చూపిన, నూఱు ఉపన్యాసములకన్న మేలు.

తోటల యజమానులకును ఒక మాట. పూతనాడే తోటను గుత్తకిచ్చి పట్టణమున గూర్చుండువారు పెక్కురు. గుత్తదారునకు కావలసినది కోసిన కాయ. రాలినదానిని ఏరుట ఆతనికి దండుగ. ఏరని తోటనుండి లేచిన ఈగ, ఏరిన పొరుగువాని తోటలో వ్రాలును. కావున ఈసారి గుత్త కాగితము వ్రాయునపుడే రాలిన కాయల పని యెవరిదో అందు చేర్పించుకొనవలెను.