బారు వెనక వంటగదికీ చట్టం ఉంది

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించినప్పటి నుంచీ మద్యం అమ్మే చోటంటే మనకు పోరాడవలసిన చోటే. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం స్త్రీలు పోరాడి సాధించినవే. 1997లో ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. మద్యం మళ్లీ ఖజానాకు ఆదాయమైంది. మద్యంపై మన వ్యతిరేకత న్యాయమైనదే. అయితే బారు ఒక పనిస్థలం కూడా. అక్కడ పనిచేసే స్త్రీలు కార్మికులు. వాళ్ల సమస్యలను మన సంఘాలు చేపట్టాలన్నదే నా వాదన.

తెనాలి, బాపట్ల, రేపల్లె బార్లలో ముందు హాల్లో వడ్డించేది ఎక్కువగా మగవాళ్లు. స్త్రీలుండేది వెనక. ఉల్లిపాయలు తరగడం, చేపలు బాగుచేయడం, అంట్లు తోమడం, మరుగుదొడ్లు కడగడం వాళ్ల పని. మాట్లాడితే వాళ్లు చెప్పేది ఒకటే: హాజరు పట్టీలో పేరుండదు, జీతానికి కాగితముండదు, గ్లాసు పగిలితే కోత మాత్రం ఉంటుంది. బారులోని సీసాలకు ఎక్సైజు శాఖకు లెక్క చెప్పాలి. సీసాకున్న లెక్క మనిషికి లేదు!

"మాకు లైసెన్సిచ్చింది ఎక్సైజు వాళ్లు, లేబరు వాళ్లకేం పని?" అనే యజమానులున్నారు. మద్యం లైసెన్సు మద్యం అమ్ముకోవడానికిచ్చిన అనుమతి మాత్రమే. కార్మిక చట్టాల నుంచి మినహాయింపు కాదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ చిన్న బారుకూ వర్తిస్తుంది. కనీస వేతనం ఇవ్వాలి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. జీతం చీటీ ఇవ్వాలి. అదనపు గంటలకు రెట్టింపు కట్టాలి. ఒకే రకం పనికి స్త్రీకి తక్కువ, పురుషుడికి ఎక్కువ ఇవ్వకూడదు. వస్తువు పగిలిందని కోత వేయాలంటే అది ఆమెకు అప్పగించిన వస్తువై ఉండాలి, ఆమె అజాగ్రత్త వల్లే పగిలి ఉండాలి, ముందుగా ఆమె సంజాయిషీ వినాలి.

పదిమంది పనిచేసే చోట ఈఎస్ఐ వర్తిస్తుంది, ప్రసూతి హక్కులూ వర్తిస్తాయి. పట్టీలో స్త్రీల పేర్లు ఎందుకు ఎక్కవో ఇక్కడే తెలుస్తుంది. వెనక పనిచేసే నలుగురిని రాయకపోతే పన్నెండుమంది ఎనిమిదిమంది అవుతారు. అప్పుడు ముందు హాల్లోని మగ సర్వరుకూ ఈఎస్ఐ పోతుంది. కాబట్టి స్త్రీల పేర్లు పట్టీకెక్కించే పోరాటం అక్కడి మగ కార్మికులది కూడా.

ఇక వేధింపుల సంగతి. 2013 చట్టం ప్రకారం పనిస్థలానికి వచ్చే బయటివారి నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని బాధ్యత. "తాగి వాగాడు, పట్టించుకోకు" అని తప్పుకోవడానికి వీల్లేదు. పదిమంది ఉంటే అక్కడే అంతర్గత కమిటీ వేయాలి. అంతకు తక్కువున్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. తెనాలి స్త్రీలకు అది గుంటూరు జిల్లా కమిటీ. 2022లో జిల్లాలు మారాయి కనుక బాపట్ల, రేపల్లె స్త్రీలకు బాపట్ల జిల్లా కమిటీ. ఫిర్యాదుకు గడువు సాధారణంగా మూడు నెలలు.

రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం 1988 రాత్రి 8.30 తర్వాత స్త్రీలతో పని చేయించరాదన్నది. 2025లో రాష్ట్రం దాన్ని సవరించి, స్త్రీ సమ్మతి, భద్రత, రవాణా షరతులతో రాత్రి పనికి వీలు కల్పించింది. రాత్రి పని చేసే హక్కు స్త్రీకి ఉండాలి, నిజమే. కానీ కాదంటే రేపటి కూలి పోయే మనిషి దగ్గర తీసుకున్న సంతకం సమ్మతి అవుతుందా? ఊరికి ఆఖరి బస్సు వెళ్లిపోయాక ఆమెను ఇల్లు చేర్చే బండి ఏదని ముందు అడగాలి.

"ఇవన్నీ అడిగితే బార్లను ఒప్పుకున్నట్టు కాదా?" అని కొందరు మిత్రులు అంటున్నారు. కాదు. బీడీ హానికరమని తెలిసినా బీడీ కార్మికుల హక్కుల కోసం నిలబడ్డాం కదా!

ఒక్క స్త్రీ పేరుతో ఫిర్యాదు పెడితే మర్నాడే ఆమెకు పని పోతుంది. అందుకే పట్టణంలోని బార్లన్నిటినీ ఒకేసారి తనిఖీ చేయమని కార్మిక శాఖను సంఘాలుగా అడుగుదాం. వేతనాల రిజిస్టరు, కమిటీ వివరాలు చూపనిదే లైసెన్సు ఇవ్వవద్దని, పొడిగించవద్దని ఎక్సైజు శాఖను అడుగుదాం. మద్యం మీద రాబడి తీసుకునే ప్రభుత్వం, ఆ రాబడి వెనక అంట్లు తోమే చేతులకు జవాబు చెప్పి తీరాలి.