ఏడో తరగతి గుంపు

ఏడో తరగతికి వచ్చేసరికి కొందరి టిఫిన్ బాక్సు మూత సగమే తెరుచుకుంటుంది. లోపల జొన్నరొట్టె ఉందని పక్క బెంచీకి తెలియకూడదు. ఇంటి యాస కూడా బడి గేటు బయటే ఆగిపోతుంది. పిల్లచేష్టలే అని కొట్టిపారేయలేం. 1950లలో అమెరికా మనస్తత్వవేత్త సోలమన్ ఆష్ కాలేజీ విద్యార్థుల చేత గీతల పొడవు పోల్పించారు. చుట్టూ ఉన్నవాళ్లంతా కావాలని తప్పు చెబుతుంటే, నాలుగింట మూడు వంతుల మంది ఒక్కసారైనా వాళ్లకే వంతపాడారు. ఇక పన్నెండేళ్ల వాళ్ల సంగతి చెప్పాలా! అయితే ఆష్ ప్రయోగంలోనే, గుంపులో ఇంకొక్కరు నిజం చెప్పినప్పుడు ఆ లొంగుబాటు బాగా తగ్గింది. క్లాసంతా మెచ్చుకోనక్కర్లేదు, రొట్టె పంచుకునే నేస్తం ఒకరుంటే పిల్లాడు నిలదొక్కుకుంటాడు. మార్కుల వరుసను బట్టి బెంచీలు మార్చే టీచర్లు ఆ జంటను విడదీయకపోతే మేలు.