అడిగితేనే రక్షణా?

ఆసుపత్రిలో పనిచేసే స్త్రీ గర్భవతి అయితే అందరూ ఆమెకు చెప్పే మాట ఒకటే: "జాగ్రత్తగా ఉండు." దేనితో జాగ్రత్తగా ఉండాలి? చేతి తొడుగులు కొనేది ఆమె కాదు. వార్డు కిటికీలకు జాలీ కొట్టించేది ఆమె కాదు. డ్యూటీ చార్టు రాసేది అంతకన్నా కాదు. ఏ అధికారమూ లేని మనిషి నెత్తిన బాధ్యతంతా పెట్టి, దానికి జాగ్రత్త అని పేరు పెట్టడం మోసం.

భద్రాచలం అడవి అంచున ఈ మోసం మరీ స్పష్టంగా కనిపిస్తుంది. చర్ల, దుమ్ముగూడెం గూడేల నుంచి, చింతూరు, కూనవరం నుంచి, ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు నుంచి జబ్బు చేసిన వాళ్లు భద్రాచలానికే వస్తారు. అక్కడా కుదరకపోతే ఖమ్మం. 2014లో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో ఖమ్మం జిల్లా రెండయింది. హద్దులు మారాయిగానీ రోగుల దారి మారలేదు. వానలు మొదలైతే మలేరియా, డెంగీ, విరేచనాలు. ఏడాది పొడుగునా క్షయ, పచ్చకామెర్లు. ఈ రోగులకు సూది వేసేది, గళ్ళ పరీక్ష చేసేది, నెత్తుటి గుడ్డలు తీసేది, కాన్పుల గది కడిగేది ఎవరు? స్టాఫ్‌నర్సులు, ఏఎన్ఎంలు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆయాలు, స్వీపర్లు. వీళ్లలో ఎక్కువమంది స్త్రీలు. అందులోనూ పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలు.

వీళ్లకు చట్టం ఇచ్చిన రక్షణ ఎంత? 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం 4వ సెక్షన్ ప్రకారం, గర్భవతికి బరువు పని, గంటల తరబడి నిలబడే పని, గర్భానికి హాని చేసే పని చెప్పకూడదు. వినడానికి బాగుంది. కానీ రెండు మెలికలున్నాయి. ఒకటి, ఆమె నోరు తెరిచి అడగాలి. రెండు, ఈ రక్షణ కాన్పుకు ముందు ఆరు వారాలు, ఆ ఆరు వారాలకు ముందు ఒక నెల మాత్రమే. అంటే చివరి పది వారాలు. 2017 సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది, మంచిదే. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2020 సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. ఈ రెండు మెలికలూ అందులోకి అలాగే దిగుమతి అయ్యాయి. నలభై వారాల గర్భంలో మొదటి ముప్ఫై వారాలు చట్టానికి కనబడవు.

సూక్ష్మజీవులకు మాత్రం ఆ ముప్ఫై వారాలే ఎక్కువ ఇష్టమని చెప్పాలి. మొదటి 12 వారాల్లో తల్లికి రుబెల్లా సోకితే 90 శాతం దాకా బిడ్డకు గుండె, కళ్లు, చెవులు దెబ్బతినే ప్రమాదం ఉంది. నెల తప్పిన సంగతి ఆమెకే ఇంకా తెలియని రోజులవి! ఏమని అడుగుతుంది, ఎవర్ని అడుగుతుంది? దీనికి టీకా ఉంది. కానీ గర్భంతో ఉండగా వేయకూడదు, ముందే వేయాలి. 2017లో తెలంగాణలో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం 15 ఏళ్లలోపు పిల్లలకు జరిగింది. అప్పటికే ఆ వయసు దాటినవాళ్లు ఇవాళ వార్డుల్లో డ్యూటీ చేస్తున్నారు. వాళ్లను ఉద్యోగంలో చేర్చుకునే రోజునే టీకా సంగతి అడగాల్సింది యాజమాన్యమే.

మలేరియా ఉన్న రోగిని తాకితే మలేరియా రాదు. అతన్ని కుట్టిన దోమ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సును కుడితే వస్తుంది. గర్భిణిలో ఆ క్రిమి మాయలో చేరి, తల్లికి రక్తహీనత తెచ్చి, బిడ్డ బరువు తగ్గిస్తుంది. తాగేనీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఇ చివరి మూడు నెలల్లో సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా గర్భిణులు చనిపోయే ప్రమాదం ఉంది. సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి, హెచ్ఐవి భయం. జాలీ, మంచినీళ్లు, సూదులు పారేసే గట్టి డబ్బా! ఇందులో ఏ ఒక్కటీ "జాగ్రత్త"తో వచ్చేది కాదు. అన్నీ డబ్బు ఖర్చుపెడితే వచ్చేవే.

కోవిడ్ కాలం ఈ నిజాన్ని అందరి ముందూ పెట్టింది. 2021 జనవరి 16న టీకా మొదలైనప్పుడు ఆరోగ్య కార్యకర్తలకే ముందన్నారు. గర్భిణులకు మాత్రం వద్దన్నారు. వాళ్లకు అనుమతి వచ్చింది జులై 2న. మధ్యలో రెండో ఉప్పెన వచ్చిపోయింది. టీకాకు పనికిరాని స్త్రీ డ్యూటీకి ఎలా పనికొచ్చింది? "సేవ" అనే పెద్ద మాట ఇలాంటి ప్రశ్నల్ని నొక్కేయడానికే ఉపయోగపడుతోంది.

ఇక కాంట్రాక్టు సంగతి. మన ప్రాంతంలో ఏజెన్సీ అనే మాటకు రెండర్థాలు. ఒకటి గిరిజన ప్రాంతం. రెండోది ఆసుపత్రులకు మనుషుల్ని సరఫరా చేసే కంపెనీ. ఏజెన్సీ ఊరి కోయ స్త్రీ ఏజెన్సీ జీతం మీద ఆయాగా చేరితే, కడుపుతో ఉన్నానని చెప్పడమంటే ఉద్యోగాన్ని పందెం పెట్టడమే. అందుకే కొంగు కప్పుకొని నెలలు నెట్టుకొస్తుంది. "అడిగితే రక్షణ" అనే చట్టం ఆమె దగ్గరికి రానే రాదు. న్యాయస్థానం ఈ అన్యాయాన్ని గుర్తించకపోలేదు. ఢిల్లీ మున్సిపల్ మస్టర్ రోల్ కార్మికురాళ్లకు ప్రసూతి హక్కు ఉందని 2000లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఢిల్లీలోని ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు డాక్టరుగా పనిచేసిన కవితా యాదవ్ కేసులో, కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందేనని 2023లో చెప్పింది. డాక్టరమ్మ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చర్ల ఆయా ఎక్కడిదాకా వెళ్లగలదు?

"ఇంత ప్రమాదమైతే ఆ వయసు ఆడవాళ్లను తీసుకోకుండా ఉంటే సరి" అనే పెద్దమనుషులూ ఉన్నారు. నెలసరి, గర్భం గురించి ఉద్యోగినుల్ని ఆరా తీసే ప్రశ్నలు అవమానకరమని 1991లోనే ఎల్ఐసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనం కోరేది స్త్రీలు లేని ఆసుపత్రి కాదు. ప్రమాదం లేని ఆసుపత్రి. తీసేయాల్సింది ప్రమాదాన్ని, మనిషిని కాదు. 2000 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రసూతి రక్షణ సిఫారసు ఈ వరసే చెప్పింది: ముందు ప్రమాదాన్ని తొలగించాలి. కుదరకపోతే పని పద్ధతి మార్చాలి. అదీ కుదరకపోతే జీతం తగ్గకుండా వేరే పనికి మార్చాలి. చివరికి జీతంతో సెలవివ్వాలి. మన దగ్గర ఈ వరస తలకిందులు. మొదటే ఇంటికి పంపిస్తారు, అదీ జీతం లేకుండా.

చేతిలో ఉన్న ఆయుధాల్ని కూడా మనం పూర్తిగా వాడటం లేదు. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం, ఆ చెత్తను ముట్టే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించడం, తొడుగులివ్వడం, చేరినప్పుడూ ఆపైన ఏడాదికోసారీ ఆరోగ్య పరీక్ష చేయించడం ఆసుపత్రి బాధ్యత. కాంట్రాక్టరు మీదికి నెట్టడానికి వీల్లేదు. హెచ్ఐవి సోకే ప్రమాదమున్న సిబ్బందికి రక్షణ సామగ్రి, సూది గుచ్చుకుంటే వెంటనే మందులు ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. ప్రతి మండలంలో మన సంఘాలు ఆసుపత్రికి వెళ్లి టీకాల రిజిస్టరు చూపించమనాలి. స్వీపర్ల పేర్లు అందులో ఉన్నాయా లేవా చూడాలి. లేకపోతే రాతపూర్వకంగా అడగాలి, జవాబు వచ్చేదాకా కదలకూడదు.

చట్టం మారాలి. రక్షణ గర్భం మొదటి రోజు నుంచీ ఉండాలి. అడిగినా అడగకపోయినా ఉండాలి. పర్మనెంటుకైనా కాంట్రాక్టుకైనా ఒక్కటే ఉండాలి. అడవిలోంచి వచ్చే తల్లికి సురక్షితమైన కాన్పు చేయిస్తామని గోడల మీద రాసుకుంటున్న ప్రభుత్వం, ఆ కాన్పు చేసే చేతులున్న తల్లిని మరిచిపోతే ఊరుకునేది లేదు.