నీళ్ళ సీసాలో విషం, చేప మీద నింద

మాది జంగారెడ్డిగూడెం. కొల్లేరు శీలావతి, బొచ్చె తినే పెరిగాం. ఈ మాటంటే మావాళ్ళే నన్ను తిడతారు. అయినా అంటాను.

కొన్నేళ్ళ క్రితం ఉంగుటూరు వైపు బాబాయి చేపల చెరువు చూద్దామని వెళ్ళా. షెడ్డులో కూల్ డ్రింకు సీసా నిండా నీళ్ళు. దాహంగా ఉండి చెయ్యి చాపా. "ఒరేయ్, ముట్టుకోకు, అది మందురా!" అని బాబాయి కేకేశాడు. ఫార్మలిన్! నీళ్ళలో 37 శాతం దాకా ఫార్మాల్డిహైడ్ కరిగిన ద్రావణం. చూడ్డానికి అచ్చం నీళ్ళే. లోపలికెళ్తే గొంతూ కడుపూ కాల్చేస్తుంది.

అలాగని దాన్ని బూచిని చెయ్యక్కర్లేదు. హేచరీల్లో పరాన్నజీవుల్ని చంపడానికీ, లేబుల్లో నమూనాలు కుళ్ళకుండా ఉంచడానికీ, ప్లైవుడ్ జిగురుకీ, కొన్ని టీకాలకీ అది కావాలి. ప్రొటీన్లని కట్టిపడేస్తుంది, అందుకే నమూనా కుళ్ళదు. బతికున్న ఒంట్లోనూ అదే పని చేస్తుంది, అదీ చిక్కు. 2004లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధనా సంస్థ దీన్ని మనుషుల్లో కేన్సర్ కలిగించేదిగా తేల్చింది. మన దేశంలో తిండిలో కలపడం నిషేధం.

2018 జూన్‌లో కేరళ చెక్‌పోస్టుల దగ్గర ఫార్మలిన్ కలిపిన చేపలు వేల కిలోలు పట్టుకున్నారు. జులైలో అస్సాం ఆంధ్రా చేపల్ని పది రోజులు ఆపేసింది. అప్పుడు మా ఊళ్ళో నేను విన్న జవాబు ఒకటే: "కుట్ర". టెస్టర్ బగ్ చూపిస్తే "నా మెషీన్లో బానే నడుస్తోందే" అనే మన జవాబుకీ దీనికీ తేడా ఏంటండీ? మీ చెరువులో వెయ్యలేదు, సరే. గౌహతి చేరేలోపు దార్లో ఎవరూ కలపలేదని ఏంటి రుజువు? చేపలో సహజంగానూ కొద్దిగా ఫార్మాల్డిహైడ్ ఉంటుంది కాబట్టి "ఎంత" అన్నదే అసలు ప్రశ్న. లోడింగ్ దగ్గర పరీక్ష చేసిన కాగితం చేతిలో ఉంటే కదా గట్టిగా మాట్లాడేది! కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ నిమిషాల్లో తేల్చే కాగితపు పట్టీల కిట్ కూడా తయారుచేసింది. ఆ పరీక్షా, లారీకి చాలినంత ఐసూ అడగాలి మనం.

ఇక ఫార్వర్డు వీరులకి: ఈగ వాలకపోతే ఫార్మలిన్ ఉన్నట్టు కాదు. ఉప్పు నీళ్ళలో కడిగితే అంతా పోయినట్టూ కాదు.

ఊళ్ళో చెరువులున్నవాళ్ళు ఈసారి పండక్కెళ్ళినప్పుడు షెడ్డులోకి ఓసారి తొంగిచూడండి. గ్లవ్సు, కళ్ళద్దాలు ఉన్నాయా? గాలాడుతోందా? మందు దాని అసలు డబ్బాలోనే ఉందా? తాగే సీసాలో మాత్రం ఎప్పుడూ పొయ్యనివ్వకండి. బాబాయి ఇప్పుడు డబ్బా మీద ఎర్ర పెయింటుతో "విషం" అని రాయించాడు. చదువురాని కూలీల కోసం పుర్రె బొమ్మ కూడా వేయించాడు. ఆ మాత్రం పని అందరూ చెయ్యలేరా?