ఆవకాయకి క్లీన్ చిట్... మరి అల్సర్ ఎవరి పని?

ఇంట్లో ఎవరికైనా కడుపులో మంట అనగానే మొదటి నింద ఆవకాయ మీద పడుతుంది. రెండోది మిర్చి బజ్జీ మీద. మూడోది, మీకు తెలిసిందే, ఫోన్ మీద. ‘‘ఆ ఫోన్ చూస్తూ వేళకి తినడు, అందుకే పుండు పడింది’’ అని. నా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది ఈ తీర్పు ఇంటి దగ్గరే రాసుకుని వస్తారు. ‘‘కారం మానేశాను మేడమ్, చప్పిడి కూడు తింటున్నాను, అయినా తగ్గట్లేదు’’ అంటారు. తగ్గదు మరి. దొంగతనం చేసింది ఒకడు, జైల్లో పెట్టింది ఇంకొకణ్ణి!

కారం తింటే మంట పెరగొచ్చు. టైమ్‌కి తినకపోతే ఎసిడిటీ రావొచ్చు. ఆఫీసులో టెన్షన్ ఉంటే ఉన్న నొప్పి ఎక్కువ అనిపించొచ్చు. కానీ గోడకి పుండు పెట్టే అసలు పార్టీలు వేరే ఉన్నాయి.

ముందు ఆ గోడ సంగతి చూద్దాం. మన పొట్టలో తయారయ్యేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేతి మీద పడకుండా జాగ్రత్తపడతామే, అదే. మటన్ ముక్కని జావలా చేసే ఆ యాసిడ్ కడుపుని ఎందుకు తినెయ్యదు? లోపలి గోడ మీద జిగురులాంటి పొర ఉంటుంది, అందులో యాసిడ్‌ని చల్లార్చే బైకార్బొనేట్ ఉంటుంది. గీరుకుపోయిన చోటల్లా కొత్త కణాలు వచ్చి పూడ్చేస్తుంటాయి. ఈ కాపలా బలహీనపడిన చోట యాసిడ్ గోడని కొరికేస్తుంది. అదే అల్సర్. కడుపులో వస్తే గ్యాస్ట్రిక్ అల్సర్, కడుపు దాటగానే చిన్న పేగు మొదట్లో వస్తే డుయోడెనల్ అల్సర్.

కాపలాని పడగొట్టే మొదటి పార్టీ ఒక బ్యాక్టీరియా. పేరు హెలికోబ్యాక్టర్ పైలోరి. దీని కథ నాకు భలే ఇష్టం, కాస్త ఓపిగ్గా చదవండి.

ఆ యాసిడ్‌లో ఏ సూక్ష్మజీవీ బతకదని డాక్టర్లందరం పుస్తకాల్లో చదువుకున్న రోజులవి. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు కడుపు ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూస్తుంటే, మెలికలు తిరిగిన బ్యాక్టీరియా కనిపించింది. తర్వాత బ్యారీ మార్షల్ అనే కుర్ర డాక్టర్ ఆయనతో చేరాడు. ఇద్దరూ దాన్ని ల్యాబ్‌లో పెంచాలని చూస్తే పెరగదు. అప్పట్లో రెండ్రోజులు చూసి, ఏమీ రాకపోతే ప్లేట్లు పారేసేవాళ్లు. 1982లో ఈస్టర్ సెలవులొచ్చి ప్లేట్లు ఇంకొన్ని రోజులు అలాగే ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే పెరిగి ఉంది! సెలవు ఇవ్వడం సైన్స్‌కి మంచిదని మీ మేనేజర్‌కి ఈ పేరా ఫార్వర్డ్ చేసుకోవచ్చు.

అయినా ఎవరూ నమ్మలేదు. దాంతో 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రావణాన్ని తనే గటగటా తాగేశాడు. కొద్దిరోజులకే వాంతులు, నోటి దుర్వాసన. ఎండోస్కోపీ చేస్తే కడుపు గోడంతా వాచి ఉంది, ఆ వాపులో బ్యాక్టీరియా ఉంది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. (మీరెవరూ ఇలాంటివి ఇంట్లో ట్రై చెయ్యకండి.)

ఈ కథతో మనకేం పని అంటారా? మన తాతల తరంలో కొందరి పొట్ట మీద నిలువుగా పొడవాటి కోత మచ్చ కనిపిస్తుంది. ‘‘అల్సర్‌కి ఆపరేషన్ చేశారురా’’ అని చెప్తారు. కడుపులో కొంత భాగం తీసెయ్యడం, యాసిడ్ ఊరమని చెప్పే నరాన్ని కత్తిరించడం అప్పటి వైద్యం. ఇప్పుడు అదే జబ్బు చాలామందికి 14 రోజుల మాత్రలతో పోతోంది.

ఈ బ్యాక్టీరియా ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచో, శుభ్రంగా లేని నీళ్లు, తిండి నుంచో వస్తుంది. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా మందిలో ఉంటుందని అంచనా. కంగారుపడకండి, ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడూ అల్సర్ రాదు. కానీ ఏళ్ల తరబడి ఉంటే కొందరిలో కడుపు క్యాన్సర్‌కి దారితీస్తుంది కాబట్టి, అల్సర్ ఉన్నవాళ్లలో ఇది కనిపిస్తే వదిలిపెట్టం.

ఇక రెండో పార్టీ. ఇది మీ బ్యాగులోనో, బైక్ డిక్కీలోనో ఉండొచ్చు. నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఏసీక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్, ఆస్పిరిన్... ఇవన్నీ ఒకే ఇంటివాళ్లు. నొప్పి కలిగించే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల్ని ఇవి ఆపుతాయి. చిక్కేంటంటే, కడుపు జిగురు పొరని నిలబెట్టేవి కూడా అవే. నడుం నొప్పి ఆగుతుంది, కాపలా కూడా ఆగిపోతుంది.

ఆమధ్య ఒక కుర్రాడు వచ్చాడు, పార్శిల్ డెలివరీ చేస్తాడు. (గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను.) రోజంతా బండి మీదే, నడుం పట్టేసింది. మెడికల్ షాపులో అడిగితే ఏదో మాత్ర ఇచ్చారు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. పని చేసింది కాబట్టి నాలుగు నెలలు వాడాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని వచ్చాడు తప్ప, కడుపు నొప్పని కాదు. హిమోగ్లోబిన్ చూస్తే 6.8. ‘‘విరేచనం ఏ రంగులో అవుతోంది?’’ అనడిగితే తలొంచుకున్నాడు. పక్కనే ఉన్న వాళ్లమ్మ, ‘‘చెప్పరా, మేడమ్‌గారి దగ్గర సిగ్గేంటి’’ అంది. పది రోజులుగా నల్లగా, తారులా, జిగటగా అవుతోందట. బీట్‌రూట్ తిన్నందుకేమో అనుకున్నాడట. కాదు, అది కడుపులో కారి జీర్ణమైన రక్తం. రెండు బాటిళ్ల రక్తం ఎక్కించాం, ఎండోస్కోపీలోనే రక్తం కారేచోట క్లిప్ వేశాం. టెస్ట్ చేస్తే పైలోరి కూడా ఉంది. రెండు పార్టీలూ కలిస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ.

నొప్పి లేకుండానే అల్సర్ ఇంతదూరం వస్తుందా? వస్తుంది. ముఖ్యంగా నొప్పి మాత్రలు వాడేవాళ్లలో. అవి ఆ నొప్పిని కూడా కప్పేస్తాయి మరి.

‘‘మాత్ర వద్దండీ, ఇంజక్షన్ అయితే కడుపుకి ఏం కాదు కదా?’’ అని ఊళ్లలో తరచూ అడుగుతారు. అవుతుంది. మందు రక్తంలో కలిసి కడుపు గోడకి చేరుతుంది, ఏ దారిలో వెళ్లినా. మామూలు జ్వరానికి, ఒళ్లు నొప్పులకి పారాసెటమాల్ సరిపోతుంది, దానికి కడుపు మీద ఈ దెబ్బ లేదు. (అలాగని మోతాదు మించితే లివర్ ఊరుకోదు.) కీళ్లవాతం లాంటి జబ్బుకి నొప్పి మాత్రలు తప్పనిసరైతే, డాక్టర్ తోడుగా కడుపు రక్షణ మందు రాస్తారు. ఇంట్లో పెద్దవాళ్లు గుండె కోసం ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం ఇది చదివి ఆపించెయ్యకండి. వాళ్ల డాక్టర్‌ని అడగండి.

నొప్పి వచ్చేవాళ్లలో ఎలా ఉంటుందంటే, బొడ్డుకి పైన, రొమ్ము ఎముకకి కింద మంటగానో, కొరుకుతున్నట్టుగానో ఉంటుంది. డుయోడెనల్ అల్సర్ అయితే తింటే తగ్గి, రెండు మూడు గంటలకి మళ్లీ మొదలవుతుంది. అర్ధరాత్రి రెండింటికి నిద్ర లేపుతుంది. గ్యాస్ట్రిక్ అల్సర్‌లో తినగానే ఎక్కువవుతుంది. ఇది అందరిలో ఇలాగే ఉండదు, కాబట్టి దీన్ని బట్టి మీకు మీరే డాక్టర్లైపోవద్దు. నల్ల విరేచనం, కాఫీ పొడిలాంటి వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం, ముద్ద దిగకపోవడం ఉంటే ఆగకండి. ఒక్కసారిగా కత్తి దించినట్టు నొప్పి వచ్చి పొట్ట చెక్కలా బిగిస్తే పుండు చిల్లుపడి ఉండొచ్చు. అప్పుడు సోడా, ఈనో, వాము నీళ్లు అంటూ టైమ్ పోగొట్టకుండా అంబులెన్స్ పిలవాలి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకి కూడా విరేచనం నల్లగా అవుతుంది, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి.

వైద్యంలో యాసిడ్ తగ్గించే మందు ఉంటుంది. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి. వీటిని టిఫిన్ తిన్నాక కాదు, తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. పైలోరి ఉంటే దీనికి రెండు మూడు యాంటీబయాటిక్స్ కలుపుతాం. మన దగ్గర కొన్ని యాంటీబయాటిక్స్ అయినదానికీ కానిదానికీ వాడేసి, వాటికి ఈ క్రిమి లొంగకుండా పోయింది. అందుకే కొందరికి బిస్మత్ ఉన్న నాలుగు మందుల కోర్సు ఇస్తాం. దాంతో నాలుక, విరేచనం నల్లబడతాయి, అది బిస్మత్ రంగు. నోరు చేదుగా ఉంటుంది, కడుపులో తిప్పుతుంది, ఐదో రోజుకి నొప్పి పోతుంది. సరిగ్గా అక్కడే చాలామంది ఆపేస్తారు. 14 రోజులూ వాడాలి. కోర్సులో మెట్రోనిడజోల్ ఉంటే మందు కొట్టడం పూర్తిగా బంద్. సిగరెట్ పుండుని మాననివ్వదు, అది ఎప్పుడూ బంద్. పాలు తాగితే? కాసేపు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత పాలే యాసిడ్‌ని ఊరిస్తాయి. ఒకప్పుడు గంటగంటకీ పాలు తాగించడమే అల్సర్ వైద్యం, ఇప్పుడెవరూ రాయరు.

కోర్సు అయిపోయాక ఇంకో పని ఉంది. క్రిమి పోయిందో లేదో చూడాలి. యాంటీబయాటిక్స్ ఆపిన నాలుగు వారాల తర్వాత, గ్యాస్ మాత్ర కనీసం రెండు వారాలు మానేసి, ఊపిరి పరీక్షో మలం పరీక్షో చేయిస్తాం. బ్లడ్ టెస్ట్ దీనికి పనికిరాదు, క్రిమి పోయినా యాంటీబాడీలు చాలాకాలం మిగిలే ఉంటాయి. పుండు కడుపులోనే ఉన్నవాళ్లకైతే అది మానిందో లేదో చూడ్డానికి మళ్లీ ఎండోస్కోపీ చేస్తాం, ఎందుకంటే కొన్ని క్యాన్సర్లు మొదట్లో అల్సర్‌లాగే కనిపిస్తాయి.

మన డెలివరీ కుర్రాడికి మొదటి కోర్సుతో క్రిమి పోలేదు. నాలుగు మందుల కోర్సు రాశాను. ఇంకో ఆరు రోజులుంది. నడుముకి ఫిజియోథెరపీ నడుస్తోంది, సెంటర్‌కి బండి మీదే వెళ్తున్నాడట.