సేవకు చేతులు కావలెను

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతములనుండి బిడ్డలు బెంగుళూరికో, చెన్నైకో, గల్ఫు దేశములకో తరలిపోగా ముసలి తల్లిదండ్రులు ఒంటరులగుచున్నారు. వారిని వృద్ధాశ్రమమున చేర్చుట తగునా అను చర్చ తరచు వినుచున్నాము. మా దృష్టిలో అంతకంటె ముఖ్యమైన ప్రశ్న వేరొకటి కలదు: చేర్చిన పిమ్మట అచట వారిని చూచువారెందరు?

2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము జిల్లాకొక్కటియైనను, 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమమును రాష్ట్ర ప్రభుత్వము నెలకొల్పవచ్చునని చెప్పినది. 'వచ్చును' అన్నదే కాని 'వలెను' అనలేదు. వృద్ధుల సంఖ్య చెప్పినది. పరిచారకుల సంఖ్య చెప్పక, ప్రమాణముల నిర్ణయమును రాష్ట్రములకే విడిచినది. ఆశ్రమముల నమోదును, కనీస ప్రమాణములను ప్రతిపాదించుచు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లు, 2024లో సభ రద్దగుటతో మురిగిపోయినది.

మంచము పట్టిన వృద్ధుని రెండేసి గంటలకొకసారి ఒత్తిగిలజేయనిచో ఒంటిపై పుండ్లు పడును. ఆ పని రాత్రియని ఆగునది కాదు. ఎనిమిది గంటల డ్యూటీ చొప్పున వారమునకు 21 డ్యూటీలు. ఒకరు చేయగలవి ఆరు. అనగా ఒక్క మనిషి ఎల్లవేళల మంచముల చెంత నుండవలెనన్న నలుగురిని నియమింపవలెను. ఒక్క ఆయాతో రేయింబవళ్ళు గడుపుచోట లోపము ఆమెది కాదు, నియమించిన వారిది.

ఖర్చు పెరుగునని నిర్వాహకులు అనవచ్చును. అది నిజమే. పుట్టినరోజున అన్నదానము చేయు దాతలు కలరు; రాత్రి ఆయా జీతమునకు విరాళమిచ్చువారు అరుదు. పండ్లు పంచి ఫోటో దిగి వచ్చు మన విద్యార్థులును ఇందుకు మినహాయింపు కారు. ఖిద్మత్ పుణ్యకార్యమని పెద్దలు మనకు నేర్పిరి. పుణ్యమను పేరిట జీతము కోయుట, శిక్షణ లేనివారికి రోగులనప్పగించుట ఖిద్మత్ కాజాలదు. మన సీమ స్త్రీలెందరో కువైటునకేగి పరాయి ఇండ్లలో చాకిరీ చేయుచున్నారు. తగిన వేతనము, మర్యాద ఇచటనే లభించినచో కొందరైనను ఇంటిపట్టున నిలువరా?

చట్టము వచ్చుదాక వేచియుండనక్కరలేదు. పగలు ఎందరు, రాత్రి ఎందరు పనిలో నున్నారో ప్రతి ఆశ్రమము వాకిట బోర్డుపై వ్రాయవలెను. దాతలు ఆ బోర్డు చూచి విరాళమీయవలెను. మన కళాశాల సంఘమువారు ఒక నర్సింగు కళాశాల తోడ్పాటుతో వృద్ధుల పరిచర్యయందు స్వల్పకాల శిక్షణ నేర్పాటు చేసినచో, మనలో కొందరికి జీవనోపాధియు, మన పెద్దలకు నిశ్చింతయు కలుగును. సంఘమువారు దీనిని ఆలోచింతురని ఆశించుచున్నాము.