చింతపండుకు ఊరు లేదు, చీమల పచ్చడికే ఊరుంది

ఫీల్డ్‌వర్క్ కోసం బస్తర్ వెళ్తున్నానని చెప్పినప్పుడు నా తోటి స్కాలర్లు అడిగిన మొదటి ప్రశ్న నా థీసిస్ గురించి కాదు. "చీమల పచ్చడి తింటావా?" అని. ఒకరు యూట్యూబ్ లింకు పంపారు. ఇంకొకరు "తిని వీడియో పెట్టు" అన్నారు. తిరిగొచ్చాక "జగ్దల్‌పుర్‌లో ఏం తినాలో రాసివ్వు, మేమూ పోతాం" అన్నవాళ్లున్నారు. వాళ్లకు రాసిస్తున్నదే ఇది. కాకపోతే వాళ్లు అడిగినదానికంటే కొంచెం ఎక్కువ రాయాల్సి వస్తున్నది.

ముందు అడిగినదానికి జవాబు. జగ్దల్‌పుర్‌లో తినాలనుకుంటే ఆదివారం పొద్దున్నే సంజయ్ మార్కెట్‌కు పోండి. పక్కా దుకాణాలు దాటి నేల మీద గోనెసంచులు పరుచుకుని ఆడవాళ్లు కూర్చున్న వైపు నడవండి. ఎండాకాలమైతే ఎండిన ఇప్పపువ్వు, చింతపండు, ఎండు చేపలు, ఆకు డొప్పల్లో ఎర్రచీమలు కనబడతాయి. మండియా పేజ్ తాగండి. అది మన రాగి అంబలే. సల్ఫీ దొరికితే పొద్దున్నే తాగండి, ఎండెక్కేకొద్దీ పులుస్తది. టూరిస్టులు దాన్ని 'బస్తర్ బీర్' అంటారు. మన ఏజెన్సీలో కోయవాళ్లు తాగే జీలుగు కల్లు అదే చెట్టుది. తీఖుర్ అని అమ్మే తెల్లటి పిండి మన పాలగుండ లాంటిది, నీళ్లలో కలిపి తాగితే కడుపు చల్లబడతది. తొలకరి పడ్డాక వస్తే సాల చెట్ల కింద మొలిచే బోడా పుట్టగొడుగులు దొరుకుతాయి. మాంసం కంటే ఖరీదు.

ఇక చీమల పచ్చడి. బస్తర్‌లో దాన్ని చాపడా అంటారు. మామిడి, సాల చెట్ల మీద ఆకులు కలిపి కుట్టుకున్న గూళ్లను దించి, చీమల్నీ గుడ్లనీ ఉప్పు, మిరప, అల్లం, వెల్లుల్లితో రాతి మీద నూరుతారు. చీమల్లోని ఫార్మిక్ ఆమ్లం వల్ల పుల్లగా, ఘాటుగా ఉంటది. బాగుంటది. అంతే. అందులో సాహసమేమీ లేదు.

అదే బజారులో ఒక టిఫిన్ బండి దగ్గర ఆగితే, నా హిందీ విని ఆయన నవ్వి, "ఏటమ్మా, ఏటి తింటావు?" అన్నాడు. ఉత్తరాంధ్ర మనిషి. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు పంపడానికి 1960లలో కొత్తవలస–కిరండుల్ రైలుమార్గం వేశారు. ఆ దారి వెంట ఖనిజం కిందికి పోయింది, ఇడ్లీ పైకి వచ్చింది. ఇడ్లీ బండికి నాలుగు చక్రాలున్నాయి, పైన రేకు నీడ ఉంది, బోర్డు మీద పేరుంది. చాపడా అమ్మే ఆమెకు గోనెసంచి ఉంది. ఇన్ని ఫుడ్ వీడియోలు చూశాను, ఆమె పేరు చెప్పిన వీడియో ఒక్కటీ కనబడలేదు.

నాకు కుదురు లేకుండా చేసింది చాపడా కాదు, దాని పక్కనున్న చింతపండు కుప్ప. దేశంలోని పెద్ద చింతపండు మార్కెట్లలో జగ్దల్‌పుర్ ఒకటి. ఇక్కడి నుంచి లారీలు తెలంగాణకు, ఆంధ్రకు, తమిళనాడుకు పోతాయి. మనం తినే చారులో, పులుసులో, పులిహోరలో బస్తర్ ఎంతుందో మనకు తెలియదు. సారపప్పు సంగతీ అంతే. హైదరాబాద్ దమ్ కా ముర్గ్‌లో, పాయసంలో, మిఠాయి మీద వేసే ఆ పప్పు కోసం వ్యాపారులు ఉప్పు ఇచ్చి సారగింజలు కొలుచుకుపోయిన రోజులు బస్తర్ పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. మన నోటికి అలవాటైన సరుకు బస్తర్‌దే అయినా దానికి ఊరు పేరు ఉండదు. మనల్ని ఉలిక్కిపడేలా చేసే చీమల పచ్చడికి మాత్రం 'బస్తర్ స్పెషల్' అని పేరు. ఆదివాసిని మనతో సమానంగా చూపించే తిండి కనబడకుండా పోతుంది. వింతగా చూపించే తిండే మిగులుతుంది. ఫుడ్ గైడ్ అమాయకమైన రాత కాదని నేననేది ఇందుకే.

అట్లని ఈ చూపు సవర్ణ వ్లాగర్లదేనని తప్పించుకోలేను. మాది ఖమ్మం జిల్లాలో ఒక దళితవాడ. మా అమ్మ మిరప ఏరడానికి కూలికి పోయేది. ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఛత్తీస్‌గఢ్ నుంచి ఆదివాసీలు కుటుంబాలతో వచ్చి చేను గట్ల మీద పట్టాలు కట్టుకుని ఉండేవాళ్లు. మా కంటే తక్కువ కూలికి చేసేవాళ్లు. మా వాడలో వాళ్లను "చీమలు తినేటోళ్లు" అని నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను.

కొన్నేళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఒక హాస్టల్‌లో నా పెట్టెలో అమ్మ పంపిన ఎండు తునకలు దొరికాయి. గదిలో వాళ్లు కిటికీలు తెరిచారు, ముక్కులు మూసుకున్నారు, నన్ను వార్డెన్ ముందు నిలబెట్టారు. పెద్దకూర అన్న మాట కూడా పైకి అనలేకపోయాను. చేపలని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధమే నన్ను పరిశోధన వైపు తోసిందని ఇప్పుడనిపిస్తుంది. 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్' గ్రంథంలో బాబాసాహెబ్ అంటరానితనం పుట్టుకను గొడ్డుమాంసంతో ముడిపెట్టి వివరించారు. అది చదివినప్పుడు నా పెట్టె గుర్తొచ్చింది. నిచ్చెనమెట్ల అసమానతలో పైమెట్టు మీద భక్తి, కిందిమెట్టు మీద ధిక్కారం ఉంటాయని ఆయన రాసింది చదివినప్పుడు చేను గట్టు మీది పట్టాలు గుర్తొచ్చాయి. మొదటిది చదివి కోపమొచ్చింది. రెండోది చదివి సిగ్గేసింది.

తిండి మీద ఈ ధిక్కారం ముక్కు మూసుకోవడంతో ఆగదు, చట్టంగా కూడా మారుతుంది. 2004 నాటి ఛత్తీస్‌గఢ్ వ్యవసాయ పశు సంరక్షణ చట్టం ఆవుతోపాటు ఎద్దునూ, గేదెనూ కోయడం నిషేధించింది. కాబట్టి బస్తర్ ఫుడ్ టూర్‌లో చీమలుంటాయి, పెద్దకూర ఉండదు. ఏ వింత చూపించాలో, ఏ వంట దాచిపెట్టాలో నిర్ణయించేది తినేవాళ్లు కాదు. ఉస్మానియాలో 2012 ఏప్రిల్ 15న బీఫ్ ఫెస్టివల్ జరిపిన విద్యార్థులు ఈ నిర్ణయాన్నే ప్రశ్నించారు. దాడులు ఎదుర్కొన్నారు. ఇంకోవైపు, 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం అటవీ ఉత్పత్తుల మీద ఆదివాసీలకు యాజమాన్య హక్కు ఉందన్నాయి. కానీ హాట్‌లో చింతపండు ధర చెప్పేది ఇప్పటికీ ఎక్కువగా తక్కెడ పట్టుకున్న కోచియానే, అంటే మధ్య దళారే. హక్కు కాగితం మీద ఉంది, తక్కెడ వాళ్ల చేతిలో ఉంది.

మిరప సంగతి మరీ దగ్గరిది. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో, ములుగు జిల్లాలో మిరప ఏరడానికి వచ్చిన బీజాపూర్ జిల్లా ఆదివాసీ బాలిక ఒకతె తోటి కూలీలతో మూడు రోజులు నడిచి, ఇంకొంత దూరంలో ఇల్లు ఉందనగా చనిపోయింది. ఆమెకు 12 ఏళ్లు. మనం చాపడాలో ఘాటు గురించి మాట్లాడుకుంటాం. మన కారప్పొడిలో ఘాటు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో మాట్లాడుకోం.

కాబట్టి పోవద్దంటానా? లేదు, పోండి. తినండి. అమ్మే మనిషి దగ్గరే కొనండి, ఆమె చెప్పిన ధరకు కొనండి. పెద్ద హోటల్‌లో బిల్లు మీద బేరమాడని మనం డొప్ప దగ్గర ఐదు రూపాయలకు బేరమాడొద్దు. ఫొటోకు ముందు అడగండి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టండి. మొహం చిట్లించి వీడియో తీయడానికైతే పోనేవద్దు. క్యాంపస్‌లో ఫుడ్ ఫెస్టివల్ పెడితే ఆదివాసీ స్కాలర్లను డాన్సుకు పిలవడం కాదు, వంటకాల జాబితా వాళ్ల చేతికివ్వండి. పరిశోధకులం మనం తిండి మీద పేపర్ రాసేటప్పుడు రుచితోపాటు కూలి, ధర, తూకం కూడా రాద్దాం.

బస్తర్ నుంచి నేరుగా ఇంటికి పోయాను. చాపడా తిన్నానని అమ్మకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. "పుల్లగుంటదా? చింతపండు లెక్కనా?" అని అడిగింది. అవునన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: "ఓ ఏడు మిరప చేలో ఆ గుడారాల ఆమె నాకు గిన్నెలో జావ పోసింది బిడ్డా. మా కూలి రేటు పడగొట్టినోళ్లని కోపం, ఏమేసి కాస్తరో అని అనుమానం. ఆమె అటు తిరగంగనే పారబోసిన."

మా అమ్మ తాగిన నీళ్ల గ్లాసును దూరంగా పెట్టిన ఇళ్లు మా ఊళ్లో నాకు తెలుసు. ఆ అమ్మే పారబోసిన గిన్నె గురించి నాకు అప్పుడే తెలిసింది. ఆ గిన్నెలో ఉన్నది మండియా పేజ్. జగ్దల్‌పుర్‌లో ఏం తినాలని అడిగినవాళ్లకు నేను మొదట చెప్పేది ఇకమీదట అదే.